ఈఎండీఆరా, ట్రామా సీబీటీయా?

రోడ్డు ప్రమాదం జరిగి నెలలు గడిచినా లారీ హారన్ వినిపిస్తే ఒళ్లు వణకడం, అదే దారిలో వెళ్లలేకపోవడం, పీడకలలు. ఇది పిరికితనం కాదు. ఆపద అయిపోయిందని మెదడు ఇంకా నమ్మట్లేదు, అంతే. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి రెండు మానసిక చికిత్సలను సూచించింది: ట్రామా సీబీటీ (మనసుకు తగిలిన దెబ్బకు ఆలోచనలు, ప్రవర్తన మార్చుకుంటూ చేసే చికిత్స), ఈఎండీఆర్ (కళ్ల కదలికతో చేసే చికిత్స).

పద్ధతి: సీబీటీలో జరిగింది వివరంగా చెప్పాలి, 'తప్పంతా నాదే' లాంటి ఆలోచనలను ప్రశ్నించుకోవాలి, తప్పించుకుంటున్న చోటికి మెల్లగా వెళ్లాలి. 1987లో ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టిన ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు వేలి కదలికను కళ్లతో అనుసరించాలి. చూడ్డానికి మంత్రం వేసినట్టుంటుంది! కళ్ల కదలిక వల్లే నయమవుతుందా అన్న వాదన మాత్రం తెగలేదు.

శ్రమ: సీబీటీలో ఇంటి దగ్గర చేయాల్సిన పని ఉంటుంది. ఈఎండీఆర్‌లో దాదాపు ఉండదు.

ఖర్చు: రెండింటికీ సాధారణంగా 8 నుంచి 12 సెషన్లు. ఫీజు ముందే అడగండి.

రిస్క్: మొదటి వారాల్లో కలలు, టెన్షన్ పెరగొచ్చు. భయపడి మధ్యలో మానేయడమే అసలు నష్టం.

నోరు విప్పి చెప్పలేనివారికి, ముఖ్యంగా లైంగిక దాడి ఎదుర్కొన్నవారికి, ఈఎండీఆర్ కాస్త తేలిక. బండి ఎక్కడమే మానేసినవారికి, తమనే నిందించుకునేవారికి నేనైతే సీబీటీయే చెప్తాను. చచ్చిపోవాలనిపిస్తుంటే ఈ రెండింటికన్నా ముందు సైకియాట్రిస్టు. ఏ వేళైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.