డిజిటల్ హోర్డింగులు: పూర్తిగా తీసేయమని అడగాలా, వెలుగు తగ్గించమని అడగాలా?

గత ఏడాదిగా నాకు తరచూ వస్తున్న ప్రశ్న ఒకటే. కూడలిలో మామూలు ఫ్లెక్సీ హోర్డింగు ఉన్న చోట ఎల్‌ఈడీ తెర వెలిసిందని, రాత్రి దీపాలార్పి పడుకుంటే పడకగది గోడ రంగు పది సెకన్లకొకసారి మారుతోందని, కాలనీ సంక్షేమ సంఘం తరఫున కార్పొరేషన్‌కు వినతిపత్రం ఇవ్వబోతున్నామని చెప్పి, అందులో ఏం అడగాలని హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ విజయవాడ నుంచీ రాస్తున్నారు. తెరను పూర్తిగా తొలగించమంటే మొండివాళ్లని పక్కన పెడతారేమోనన్నది ఒక భయం, వెలుగు తగ్గించమంటే తెర అక్కడే శాశ్వతంగా ఉండిపోతుందేమోనన్నది మరో భయం. మా ఇంటి ఎదుటి వాణిజ్య భవనం గోడకు తెర బిగించినప్పుడు మా సంఘం కూడా ఇదే మీమాంసలో పడి నాలుగు ఆదివారాలు కూర్చుంది. ఆ సందర్భంలో, ఇతర నగరాల ప్రజలు ఏం అడిగారో, అడిగింది దక్కాక అక్కడ ఏం జరిగిందో శ్రద్ధగా చదివాను. ఈ తెరలు కంటికీ నిద్రకూ ట్రాఫిక్‌కూ చేసే చేటు ఈ ప్రశ్న వేసేవారికి తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను.

మన ముందున్న దారులు స్థూలంగా నాలుగు. బహిరంగ ప్రకటనలన్నింటినీ నిషేధించమనడం మొదటిది. స్థిరమైన బోర్డులను ఉండనిచ్చి, మారే, కదిలే, మెరిసే తెరలను మాత్రమే నిషేధించమనడం రెండోది. తెరను ఉంచి దాని కాంతికీ వేళలకూ హద్దులు పెట్టమనడం మూడోది. కొత్త తెరకు దరఖాస్తు పడ్డప్పుడల్లా అభ్యంతరం చెబుతూ పోవడం నాలుగోది.

అధికారులు అన్నింటికంటే తేలిగ్గా ఒప్పుకునేది మూడో దారి, అందుకే దాన్ని ముందు చూడాలి. పగటి ఎండలో బొమ్మ కనిపించడానికి ఈ తెరలు చదరపు మీటరుకు 5,000 కాండెలాలకు (కాండెలా అంటే కాంతి తీవ్రతకు కొలమానం) మించిన కాంతితో వెలుగుతాయి. రాత్రికి అది ఎన్నో వంతులు తగ్గాలి. బ్రిటన్‌లో అనుసరించే మార్గదర్శకాల ప్రకారం నగర కేంద్రాల్లో సైతం 10 చదరపు మీటర్లకు మించిన తెర రాత్రివేళ 300 కాండెలాలు దాటకూడదు. ఆ అంకె సబబైనదే, దానికి కట్టుబడిన తెర నిద్ర చెడగొట్టేంత బాధ పెట్టదు కూడా. చిక్కు అంకెలో లేదు, ఆ అంకెను పట్టుకునే పనిలో ఉంది. ఈ కాంతిని కొలవడానికి ఒక చోట పడే వెలుతురును కొలిచే మామూలు లక్స్ మీటరు చాలదు, తెర ఉపరితలం నుంచి వచ్చే కాంతిని దూరం నుంచి కొలిచే ప్రత్యేక పరికరం కావాలి. తెరపై ఆ క్షణాన నల్లటి నేపథ్యంలో కారు ప్రకటన నడుస్తుంటే ఒక కొలత వస్తుంది, పది సెకన్లు గడిచి తెల్లటి నేపథ్యంలో సబ్బు ప్రకటన రాగానే మరో కొలత వస్తుంది. తెర కాంతిని ఎక్కడో కూర్చున్న మనిషి కంప్యూటరు నుంచి పెంచగలడు, తగ్గించగలడు, కాబట్టి తనిఖీ రోజున తగ్గిన కాంతి మర్నాడు పెరిగితే చూపడానికి మన చేతిలో రుజువు ఉండదు. ఫోన్‌లో తీసిన ఫొటో పనికిరాదు, ఎందుకంటే ఫోన్ కెమెరా కాంతిని తనకు తానే సర్దేసుకుంటుంది.

నా దృష్టిలో ఈ వ్యవహారాన్ని తేల్చే అంశం ఇదే. నియమం ఎంత కఠినమైనది అనేదానికంటే, దాన్ని ఎవరైనా అతిక్రమిస్తే ఆ సంగతి వీధిలో నడిచే మనిషి కంటికి కనిపిస్తుందా, లేక పరికరం పట్టుకున్న అధికారి వస్తేగాని తెలియదా అన్నదే ముఖ్యం. కంటికి కనిపించే నియమానికి కాలనీ అంతా కాపలా ఉంటుంది. పరికరానికి మాత్రమే తెలిసే నియమానికి కార్పొరేషన్ సిబ్బంది తప్ప వేరే దిక్కుండదు. వాళ్లు పగలు పనిచేస్తారు, మన బాధ రాత్రిది.

ఈ గీటురాయిపై చూస్తే, మూడో దారిలోనే ఉన్న వేళల హద్దు, కాంతి హద్దు కంటే ఎంతో మెరుగు. ఫ్రాన్స్‌లో 2022 నాటి ఉత్తర్వు ప్రకారం, విమానాశ్రయాల వంటి కొద్దిపాటి మినహాయింపులు పోగా, వెలిగే ప్రకటనలను రాత్రి 1 గంట నుంచి ఉదయం 6 వరకు ఆర్పివేయాలి. తెర ఆరిందో లేదో చెప్పడానికి నిపుణుడు అక్కర్లేదు. అయితే రాత్రి ఒంటిగంట మన పిల్లలకు, తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లేవారికి చాలా ఆలస్యం. వేళలు అడగదలిస్తే పది గంటలు అడగండి.

ఇక మొదటి దారికి ప్రసిద్ధమైన ఉదాహరణ బ్రెజిల్‌లోని సావో పాలో. మేయర్ జిల్బెర్టో కసాబ్ హయాంలో 2006లో ‘శుభ్ర నగరం’ చట్టం ఆమోదం పొంది, 2007 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కోటి మందికి పైగా ఉండే ఆ మహానగరంలో దాదాపు 15,000 హోర్డింగులు నేలకు దిగాయి. ప్రభుత్వ స్థలమా ప్రైవేటు స్థలమా అన్న తేడా చట్టం చూపలేదు, దుకాణాల పేరుబోర్డులకు కూడా భవనం ముఖభాగం వెడల్పును బట్టి కొలత నిర్ణయించింది. పది మీటర్ల లోపు వెడల్పు ఉన్న దుకాణానికి ఒకటిన్నర చదరపు మీటర్ల బోర్డు మాత్రమే. కొన్నేళ్ల తర్వాత బస్టాపులకూ వీధి గడియారాలకూ ప్రకటనల అనుమతి వచ్చింది, కాబట్టి నిషేధం తొలినాటి సంపూర్ణతతో నిలవలేదన్నది నిజమే. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నగరంలో భవనాలపై హోర్డింగులు తిరిగి మొలవకపోవడానికి కారణం, నా అవగాహనలో, నియమం ఒక్క వాక్యంలో ఇమడటమే. అక్కడ హోర్డింగు కనిపించడమే ఉల్లంఘన.

అంత మాత్రాన మన సంఘాలు సావో పాలోను అడగాలని నేను అనను. జెనీవాలో వాణిజ్య ప్రకటనల పలకలన్నింటినీ తీసేయాలంటూ పౌరులు సంతకాలు సేకరించి తెచ్చిన ప్రతిపాదన 2023 మార్చిలో ఓటింగుకు వచ్చి, 52 శాతానికి కాస్త తక్కువ మంది వ్యతిరేకించడంతో ఓడిపోయింది. అంత స్వల్ప తేడాతో ఓడిందంటే ప్రజలకు ఆ కోరిక నచ్చలేదని కాదు. కానీ అన్నింటినీ ఒక్కసారిగా తీసేయమన్నప్పుడు చిన్న వ్యాపారులు, నాటక సమాజాలు, మునిసిపాలిటీ లెక్కల విభాగం ఒకే పక్షాన చేరే ప్రమాదం ఉంటుంది. మన ఊళ్లలో చీరల కొట్టు బోర్డుకూ ఐఐటీ కోచింగ్ హోర్డింగుకూ శుభాకాంక్షల ఫ్లెక్సీకీ కలిపి నిషేధం అడిగితే మన పక్షాన ఎవరు మిగులుతారో ఆలోచించండి.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌ను కూడా చాలామంది ఉదహరిస్తారు. 2014 నవంబరులో అక్కడి మేయర్ ఎరిక్ పియోల్ ప్రకటనల కంపెనీతో ఉన్న ఒప్పందాన్ని పొడిగించబోమని ప్రకటించి 326 పలకలను తీయించారు, కొన్నిచోట్ల చెట్లు నాటుతామన్నారు. కోర్టు మెట్లు ఎక్కకుండా, ఒప్పందం గడువు ముగిసే రోజు కోసం కాచుకుని చేసిన ఆ పని ఎంతో తెలివైనది. కానీ ప్రైవేటు గోడలపై ఉన్నవి ఆ నిర్ణయం పరిధిలోకి రాలేదు, బస్టాపుల ప్రకటనలు రవాణా సంస్థతో వేరే ఒప్పందం కింద ఉండటం వల్ల అలాగే మిగిలాయి. మీ ఊళ్లో తెర కార్పొరేషన్ స్థలంలో ఉంటే, టెండరు గడువు ఎప్పుడు ముగుస్తుందో సమాచార హక్కు చట్టం కింద ముందే కనుక్కోండి. ఆ తేదీకి ఆరు నెలల ముందు ఇచ్చిన వినతికి ఉండే బలం, ఒప్పందం మధ్యలో ఇచ్చిన పది వినతులకు ఉండదు.

నాలుగో దారి గురించి రాయడానికి నాకు కొంచెం బాధగానే ఉంది, ఎందుకంటే ఆ దారిలో నడిచేవారి శ్రమపై నాకు ఎనలేని గౌరవం. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2017 నుంచి ‘యాడ్‌బ్లాక్ బ్రిస్టల్’ అనే పౌర బృందం కొత్త డిజిటల్ తెరల దరఖాస్తులను కనిపెట్టి, ఇరుగుపొరుగును కూడగట్టి అభ్యంతరాలు రాయించి, చాలా తెరలను ఆపించింది. అక్కడి 2007 నాటి నిబంధనల ప్రకారం అధికారి చూడవలసినవి రెండే, పరిసరాల సొగసు, ప్రజల భద్రత. ప్రకటన దేని గురించి అన్నది, మనకు ప్రకటనలే వద్దు అన్నది లెక్కలోకి రావు. తిరస్కరిస్తే కంపెనీకి అప్పీలు ఉంది, కొంతకాలం తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకునే వీలూ ఉంది. కంపెనీకి అది జీతం ఇచ్చి చేయించే పని, మనకు ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల చదువులు చూసి, ఆపైన చేసుకునే పని. పదిసార్లు గెలిచి పదకొండోసారి అలసిపోతే తెర లేస్తుంది. పైగా మన దగ్గర దరఖాస్తు పడిన సంగతి పొరుగువారికి ముందుగా తెలిసే పద్ధతే గట్టిగా లేదు, ఇనుప చట్రం నిలబడ్డాకే మనం చూస్తాం.

అందువల్ల నా మొగ్గు రెండో దారివైపు. స్థిరమైన బోర్డు ఉండవచ్చు, మారే తెర ఉండకూడదు. దీనికి నాకు నచ్చిన నమూనా జపాన్‌లోని క్యోటో. సుమారు 14 లక్షల జనాభా ఉన్న ఆ నగరం 2007లో కొత్త సుందర దృశ్య విధానం తెచ్చి, మధ్య నగరంలో భవనాల ఎత్తును 45 మీటర్ల నుంచి 31 మీటర్లకు తగ్గించడంతో పాటు, డాబాలపై ప్రకటనలనూ మెరిసే దీపాల ప్రకటనలనూ నగరమంతటా నిషేధించింది. అప్పటికే ఉన్నవాటికి 2014 వరకు ఏడేళ్ల గడువు ఇచ్చింది. పెట్టిన పెట్టుబడి రాబట్టుకోవడానికి సమయం దొరికినప్పుడు నష్టపరిహారం అడిగే వాదన బలహీనపడుతుంది. పాతికేళ్ల తర్వాత పుట్టినవాడు కూడా డాబా పైకి తలెత్తి చూసి, నియమం పాటిస్తున్నారో లేదో చెప్పగలడు.

రెండో దారిలో నడిచేవారు జాగ్రత్తపడవలసిన ఒక బేరం ఉంది. ‘మూడు పాత హోర్డింగులు తీసేస్తాం, ఒక్క డిజిటల్ తెరకు అనుమతి ఇవ్వండి’ అని అడుగుతారు. లెక్కకు రెండు తగ్గినట్టే ఉంటుంది. కానీ పాత బోర్డుపై నెలకొక ప్రకటన ఉంటే, పది సెకన్లకొకటి చొప్పున తెరపై నిమిషానికి ఆరు నడుస్తాయి. లాస్ ఏంజలస్ నగరం 2006లో రెండు పెద్ద కంపెనీలతో రాజీ కుదుర్చుకుని, గరిష్ఠంగా 840 పాత బోర్డులను డిజిటల్‌గా మార్చుకునే వీలిచ్చింది. ఇళ్ల మధ్య తెరలు వెలిగాక జనం గొడవ చేశారు, అయినా ఏళ్ల తరబడి అవి వెలుగుతూనే ఉన్నాయి. చివరికి ఒక పోటీ కంపెనీ వేసిన దావాలో 2012లో అప్పీలు కోర్టు ఆ రాజీ చెల్లదని చెప్పాక, 2013 ఏప్రిల్‌లో డెబ్భైకి పైగా తెరలు ఆరిపోయాయి. జనం వినతులతో ఆరని తెరలు వ్యాపారుల తగాదాతో ఆరాయి. బేరానికి ఒప్పుకునే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

నా వాదనకు గట్టి అభ్యంతరం ముంబై నుంచి వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2024 మే 13న ఘాట్‌కోపర్‌లో గాలివానకు కూలి 17 మంది ప్రాణాలు తీసిన హోర్డింగు 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు ఉంది, నగరపాలక సంస్థ అనుమతించే గరిష్ఠ పరిమాణం 40 అడుగులకు 40 అడుగులు. అది కంటికి కనిపించని ఉల్లంఘన కాదు, లిమ్కా రికార్డు పుస్తకంలోకి కూడా ఎక్కింది. మరి ఎందుకు నిలిచింది? అది రైల్వే పోలీసుల అధీనంలోని స్థలం కావడంతో, ఎవరి అనుమతి చెల్లుతుందన్న తగువు తేలలేదు. కాబట్టి నియమం కంటికి కనిపించేదైతే చాలదు, రైల్వే, మెట్రో, ఆర్టీసీ, పోలీసు, ప్రైవేటు స్థలం అన్న భేదం లేకుండా వర్తించాలి. గ్రెనోబుల్‌లో బస్టాపులు మిగిలిపోయింది కూడా ఇలా అధికారాలు విడివిడిగా ఉండటం వల్లనే.

హైదరాబాద్ సంగతికి వస్తే, జీహెచ్ఎంసీ పరిధికి 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 68 నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటిన ప్రకటనలను నిషేధించింది. మీటరు అక్కర్లేని నియమం అది, కింద నిలబడి చూస్తే తెలిసిపోతుంది. మీ తెర ఆ ఎత్తు దాటి ఉంటే కాంతి గురించి ఒక్క మాట రాయకుండా ఎత్తు గురించే రాయండి, పక్కన మనిషి నిలబడ్డ ఫొటో జతపరచండి. బెంగళూరులో 2018లో హైకోర్టు ఆగ్రహం తర్వాత నగరపాలక సంస్థ హోర్డింగులపై నిషేధం పెట్టినా, ఆదాయం కోసం వాటిని తిరిగి తెచ్చే నిబంధనల ప్రయత్నాలు ఆగలేదు. కౌన్సిల్ తీర్మానంతో వచ్చినది మరో తీర్మానంతో పోగలదు కాబట్టి, వీలైతే నిబంధనల్లోకే ఎక్కించమని అడగడం మంచిది. ప్రకటనలపై పన్ను వేసి ఆ సొమ్ము కళలకు ఇవ్వాలన్న టొరంటో తరహా ఆలోచన ముచ్చటైనదే గాని, తెర ఎదుట నిద్రపట్టని ఇంటికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మా సంఘం చివరకు రాసిన వినతిలో మూడు వాక్యాలున్నాయి. నివాస భవనాలకు ఎదురుగా మారే తెరలను ఎవరి స్థలంలోనైనా సరే అనుమతించరాదని, ఉన్నదాన్ని ప్రస్తుత అనుమతి గడువు ముగిసిన రోజున తొలగించాలని, అప్పటివరకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పూర్తిగా ఆర్పివేయాలని కోరాం. కాంతి తగ్గించాలన్న నాలుగో వాక్యాన్ని చాలాసేపు చర్చించి కొట్టేశాం. సోమవారం ప్రజావాణిలో వినతి అందజేసి, రసీదు తీసుకున్నాం. ఆ రాత్రి నుంచి ఎదుటి వరుసలోని పన్నెండు ఇళ్లవాళ్లు వంతులవారీగా, తెర ఆరిన సమయాన్ని ఒక నోటు పుస్తకంలో రాస్తున్నారు.