ఇన్సులిన్ పడకపోతే ఏది మేలు?

మా పిన్నికి షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు. మాత్రలకు లొంగకపోయేసరికి నిరుడు 30/70 ఇన్సులిన్ (త్వరగా పనిచేసేదీ, నిదానంగా పనిచేసేదీ కలిపినది) మొదలుపెట్టారు. మూడో వారానికి, సూది వేసిన పావుగంటకల్లా ఆ చోట ఎర్రగా దద్దు లేచి ఒకటే దురద. భయపడి ఎవరికీ చెప్పకుండా నాలుగు రోజులు సూది మానేసింది. టైప్ 2 కాబట్టి షుగర్ పెరగడంతో పోయింది. అదే టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని రకం) పిల్లలైతే ఈపాటికి కీటోఅసిడోసిస్‌తో, అంటే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయి ప్రాణం మీదికి వచ్చి, ఐసీయూలో ఉండేవాళ్లు. దయచేసి మీ అంతట మీరు ఆపకండి, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. తర్వాతి డోసు సంగతి అక్కడే తేలుస్తారు.

ప్రతి దురదా అలర్జీ కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేసుకోవడం, స్పిరిట్ ఆరకముందే గుచ్చడం, ఒకే సూదిని రోజుల తరబడి వాడటం, రోజూ అదే చోట పొడవడం... ముందు ఇవి సరిచూసుకోవాలి.

నిజంగా అలర్జీయే అయితే, సెట్రిజిన్ లాంటి మాత్ర వేసుకుంటూ అదే ఇన్సులిన్ కొనసాగించడం మేలా, ఇన్సులిన్ మార్చడం మేలా? దద్దు సూది చోటుకే పరిమితమైతే మొదటిది తేలిక, ఖర్చూ తక్కువ. కొందరికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది కూడా. అయినా నేను కారణం వెతికి మార్చడం వైపే మొగ్గుతాను. తప్పు ఇన్సులిన్‌దే కానక్కర్లేదు. సీసాలో దానితోపాటు జింక్, మందు చెడిపోకుండా కలిపే మెటాక్రెసాల్ లాంటివి ఉంటాయి. 30/70లో అయితే ప్రొటమిన్ అనే ప్రొటీన్ కూడా ఉంటుంది. ఇది చేపల నుంచి తీసేది. వీటిలో ఏదైనా పడకపోవచ్చు. అందుకే ఒక కంపెనీ 30/70 మాని ఇంకో కంపెనీ 30/70 కొన్నంత మాత్రాన లాభం లేదు, ప్రొటమిన్ అందులోనూ ఉంటుంది. వేరే రకం ఇన్సులిన్లు కూడా ఉన్నాయి: గ్లార్జిన్‌లో ప్రొటమిన్ ఉండదు. గ్లూలిసిన్‌లో జింక్ కలపరు. ఏది పడట్లేదో చర్మపరీక్షలో చాలావరకు తెలుస్తుంది. పిన్నికి ఆ పరీక్ష చేసి గ్లార్జిన్‌కు మార్చారు, దద్దు మళ్లీ రాలేదు.

ఆవు, పంది ఇన్సులిన్ వాడిన రోజుల్లో ఈ బాధ చాలా ఎక్కువ. 1982లో మానవ ఇన్సులిన్ వచ్చాక బాగా తగ్గింది.

ఇక ఇన్సులిన్ పూర్తిగా మాని వేరే మందులకు వెళ్లడం. టైప్ 2 వాళ్లలో సీ-పెప్టైడ్ పరీక్ష బాగుంటే, అంటే క్లోమం ఇంకా సొంతంగా ఇన్సులిన్ తయారు చేస్తుంటే, ఇదే అన్నిటికన్నా మంచి దారి. మెట్‌ఫార్మిన్, గ్లిఫ్లోజిన్ మందులు (షుగర్‌ను మూత్రంలో బయటికి పంపే మాత్రలు), ఇన్సులిన్ కాని జీఎల్‌పీ-1 ఇంజెక్షన్లు ఉన్నాయి. టైప్ 1కు ఈ దారి మూసుకున్నట్టే. ఇన్సులిన్ లేకుండా గ్లిఫ్లోజిన్ మీద ఆధారపడితే కీటోఅసిడోసిస్ ముప్పు ఇంకా పెరుగుతుంది.

మరి టైప్ 1 ఉండి, ఏ ఇన్సులిన్ మార్చినా పడనివాళ్ల గతేమిటి? వాళ్లకు డీసెన్సిటైజేషన్ ఉంది. యూనిట్‌లో వెయ్యో వంతు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువతో మొదలుపెట్టి, పావుగంటకో అరగంటకో కొద్దికొద్దిగా పెంచుతూ ఒంటికి అలవాటు చేస్తారు. తీవ్రమైన అలర్జీకి వాడే అడ్రినలిన్ పక్కనే పెట్టుకుని ఆస్పత్రిలో చేయాల్సిన పని, ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ ప్రయత్నించకూడదు. ఇన్సులిన్ పంపు కూడా చుక్కచుక్కగా ఎక్కించి ఇదే పని చేస్తుంది, కొందరికి చక్కగా కుదిరింది, కానీ లక్షల్లో ఖర్చు. అందుకే ముందు డీసెన్సిటైజేషన్, నిలవకపోతే పంపు అంటాను. ఒకసారి అలవాటయ్యాక మాత్రం ఊరెళ్లినా, జ్వరం వచ్చినా సూదికి గ్యాప్ రానివ్వకూడదు. నాగా పెట్టి మళ్లీ మొదలుపెడితే అలర్జీ తిరగబెట్టవచ్చు.