రామతీర్థం మూడు కొండలూ ఒకే చుట్టులో

విజయనగరానికి 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉంది రామతీర్థం. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది కింద గుడిలో దర్శనం చేసుకుని, ఓపిక ఉంటే బోధికొండ మెట్లెక్కి కోదండరాముణ్ణి చూసి, తిరుగుబస్సు ఎక్కేస్తారు. వెనకాల ఇంకో రెండు కొండలున్నాయి. వాటి మధ్య ఇరుకు లోయలున్నాయి. నడక ఇష్టపడేవాళ్ళకి ఈ ఊళ్ళో అసలు సరుకు అదే. ఊరివాళ్ళ నోట బోడికొండ, గుడి లెక్కల్లో నీలాచలం అయిన బోధికొండ దక్షిణాన ఉంటుంది. దానికి ఉత్తరాన గురుభక్తులకొండ, ఇంకా ఉత్తరాన దుర్గకొండ. మూడూ తూర్పు పడమరలుగా సాగిన రాతికొండలే. విశాఖ నుంచి దాదాపు 60 కిలోమీటర్ల ప్రయాణంలో మెట్లు, బండలు, తుప్పలు, గుహలు, ఇటుక శిథిలాలు అన్నీ ఒక్క పూటలో కాలికిందికి వచ్చే చోటు మరొకటి వెతకడం కష్టం.

అయితే ఏ వరసలో తిరగాలన్నదే ముఖ్యం. ఎక్కువమంది గుడి దగ్గర దిగి, ముందు మెట్లున్న కొండే ఎక్కుతారు. అక్కడే రోజు పాడవుతుంది. పొద్దున్న చల్లటి వేళంతా సులువైన మెట్ల మీద ఖర్చయిపోయి, పది దాటాక నీడలేని బండల మీదికి చేరతారు. తిరగేసి పెట్టుకోండి: ముందు దుర్గకొండ, తరవాత గురుభక్తులకొండ, చివర బోధికొండ. దీనికి మూడు కారణాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు దక్షిణంగా ఒరిగి నడుస్తాడు కాబట్టి ఉదయం బోధికొండ నీడ వెనక లోయలో చాలాసేపు ఉంటుంది. వెనక కొండల మీద దారి తుప్పల్లో తప్పిపోయే రకం, దానికి తాజా కళ్ళు, తాజా కాళ్ళు కావాలి. ఇక మోకాళ్ళు అలిసిపోయిన చివరి గంటలో కట్టిన మెట్లుంటే పడిపోయే భయం తక్కువ. ఆరింటికి నడక మొదలుపెడితే, శిథిలాల దగ్గర కూర్చునే వేళతో కలిపి ఐదారు గంటలు వేసుకోవాలి. ఒకటే చిక్కు ఉంది. మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు. కొండమీది దర్శనం కావాలనుకునేవాళ్ళు ఆ వేళ ముందురోజే అడిగి తెలుసుకుని, దాన్నిబట్టి దుర్గకొండని కుదించుకోవాలి. మూడు కొండల్లో ఒకటి వదలాల్సి వస్తే వదలదగ్గది అదే. దాని సహజ గుహల్లో జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి, చూడదగ్గవే. కానీ గురుభక్తులకొండ మీద కనిపించేదానికి సాటిరావు.

గురుభక్తులకొండ ఎత్తు దాదాపు 500 అడుగులు. అంకె చిన్నదే. కొండవాలులో పొడుగాటి సన్నటి అరుగులాంటి చోటుంది, దానిమీద బౌద్ధ స్తూపం, చైత్యాలు (పూజా మందిరాలు), విహారాల (భిక్షువులు ఉండే చోట్లు) ఇటుక పునాదులు వరసగా సాగిపోతాయి. 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించారు. మైదానంలో బోలెడు చోటుండగా ఇంత ఇరుకు అరుగు మీద విహారం కట్టారంటే, ఇటుకలన్నీ ఇంత పైకి మోశారంటే, ఆ ఏకాంతం వాళ్ళకెంత అవసరమో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. పరుగున చూసి దిగిపోకండి, కనీసం ముప్పావు గంట ఉండండి. గోడల మీద ఎక్కి ఫొటోలు దిగొద్దు. అంచు ఇటుక ఒక్కటి జారితే వెనక వరస వానకి కూలుతుంది.

బోధికొండ మీద దుర్గపంచగుహలో వేంగీ చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలం శాసనం ఉంది. రాజరాజనరేంద్రుడి తండ్రి ఆయన. ఆ రాజు గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనముని రామకొండకి నమస్కరించినట్టు అందులో రాశారు. అంటే వెయ్యేళ్ళ కిందటే ఇది రామకొండ, అప్పుడే జైనులకీ పుణ్యక్షేత్రం. ఈ సంగతి తెలిసి మెట్లెక్కితే గుడి దాకా వెళ్ళి వెనక్కి తిరగాలనిపించదు.

ఇక రాయి గురించి. విజయనగరం జిల్లా కొండల్లో ఖోండలైట్ అనే రాయి ఎక్కువ. ఖోండులనే గిరిజనుల పేరుమీద వచ్చిన పేరే అది. ఎరుపు బూడిద చారలుండి, మధ్యలో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం గింజలు మెరుస్తుంటాయి. ఎండకీ వానకీ నానిన పైపొర చిట్లి, గింజలు గింజలుగా రాలి బండ మీద పరుచుకుంటుంది. ఆవాలు ఒలికిన గచ్చు మీద కాలు పెట్టినట్టే జారుతుంది. జారిపడేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఏటవాలు బండ మీద వెనక్కి వాలితే బరువంతా మడమ మీద పడి కాలు ముందుకి పోతుంది. నడుము కొద్దిగా ముందుకి వంచి, పాదం మొత్తం ఆనించి, చిన్న అంగలు వేయాలి. గింజలున్న చోట వదిలి శుభ్రమైన రాయి మీదే అడుగు పెట్టాలి. అరిగిన అడుగున్న స్పోర్ట్సు బూట్లకన్నా కొత్త రబ్బరు అడుగున్న మామూలు కాన్వాసు బూట్లు నయం. మునివేలికి అర అంగుళం ఖాళీ లేకపోతే దిగేసరికి గోళ్ళు నల్లబడతాయి.

గుడి కొండకి చాలామంది చెప్పులు కిందే వదిలి ఎక్కుతారు. చుట్టు నడకలో మీరు వెనకవైపు నుంచి వస్తారు కాబట్టి అది కుదరదు. ఒక గుడ్డసంచి తెచ్చుకుని, గుడి ఆవరణ దగ్గర బూట్లు విప్పి అందులో వేసి, అక్కడ చెప్పిన చోట పెట్టండి. పదకొండు దాటితే రాతి మెట్లు అరికాళ్ళని కాలుస్తాయి. నూలు మేజోళ్ళు ఒక జత విడిగా ఉంచుకోవాలి.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. చలికాలమైనా సరే, తీరం దగ్గరి గాలిలో తేమవల్ల చెమట ఆరదు, ఎంత పోయిందో తెలియదు. అందులో ఒక లీటరులో ఓఆర్ఎస్ పొడి కలిపి పెట్టుకోండి. ఉత్త నీళ్ళే తాగుతూ పోతే నాలుగో గంటలో పిక్కలు పట్టేస్తాయి. కొండమీద రాతి గుంటల్లో నిలిచిన నీళ్ళు తాగొద్దు. తిండికి పులిహోర, అరటిపళ్ళు చాలు. ముందురోజు రాత్రి నానబెట్టిన చోడి (రాగి) అంబలి సీసాలో పోసుకుంటే ఇంకా మంచిది, కడుపు బరువెక్కదు.

కాలం విషయంలో మొహమాటం వద్దు. మార్చి నడిమి నుంచి జూన్ దాకా ఈ నడక మానుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ తరవాత సాయంత్రం పిడుగుల వానలు వస్తాయి, బోడి బండ మీద మనిషే ఎత్తయిన వస్తువు. వానాకాలంలో కొండలు పచ్చగా అందంగా ఉంటాయి, గెడ్డలు (వాగులు) పారతాయి, కానీ నల్లటి నాచు పట్టిన బండ మీద ఏ బూటూ ఆగదు. అక్టోబరులో తుపాను వార్త ఉంటే వాయిదా వేయండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం మొదలుపెట్టి వెనక లోయలోకి దిగడం తప్పు లెక్క. లోయలో వెలుగు ఇంకా ముందే పోతుంది.

కొండల వెనక దారులు పశువులు వేసినవి, ఏటా తుప్పలు పెరిగి మారిపోతాయి. ఫోనులో మ్యాపు చూపే గీతని నమ్మి పోకుండా, ఊళ్ళో మేకలు కాసేవాళ్ళలో ఒకరిని వెంట తీసుకెళ్ళండి. కూలి ముందే మాట్లాడి, ఒక పూట పని పోయినందుకు తగ్గట్టు ఇవ్వండి. దారి చూపడమే కాదు, ఏ బండ కింద తేనెపట్టు ఉందో చెప్పేదీ ఆయనే. తేనెపట్టు ఉన్నచోట సెంటు వాసన, పొగ, అరుపులు ఏవీ పనికిరావు.

బస కోసం రెండు దారులున్నాయి. రామతీర్థంలోనే దేవస్థానం గది దొరికితే ఆరింటికల్లా కొండకింద ఉండొచ్చు, నడకకి అంతకన్నా లాభం లేదు. సదుపాయాలు సాదాగా ఉంటాయి, రాత్రి భోజనం ముందే చూసుకోవాలి. విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్సు (బస్టాండు) దగ్గరో రైల్వే స్టేషను దగ్గరో లాడ్జి తీసుకుంటే తిండికి లోటుండదు గానీ, పొద్దున్నే ఆటో మాట్లాడుకోవాలి, సర్వీసు ఆటోలు నిండేదాకా కదలవు. ముసలివాళ్ళు, పిల్లలు ఉంటే పట్నం, నడిచేవాళ్ళే అయితే రామతీర్థం. శివరాత్రి జాతరకీ శ్రీరామనవమికీ ఈ నడక పెట్టుకోవద్దు. గది దొరకదు, బస్సులో నిలబడే చోటుండదు.

ఇదంతా ఎక్కువనిపించే కుటుంబాలు శ్రీకాకుళం వైపు శాలిహుండం చూడొచ్చు. గార మండలంలో వంశధార దక్షిణపు గట్టున చిన్న గుట్ట, పైదాకా రాళ్ళు పరిచిన మెట్లదారి, స్తూపాలు, కింద మ్యూజియం. 1919లో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు దీన్ని వెలుగులోకి తెచ్చారు. రెండు గంటల్లో అయిపోతుంది, నది మీద గాలి హాయిగా ఉంటుంది, సాయంత్రం కళింగపట్నం సముద్రానికి పోవచ్చు. నడకగా మాత్రం అది రామతీర్థంలో పావువంతు. అటు చివర ఒడిశా సరిహద్దు దాటాక మహేంద్రగిరి 1,501 మీటర్లు, అది వేరే తరగతి. రామతీర్థం చుట్టు పూర్తిచేసి మర్నాడు మోకాళ్ళు నొప్పి లేకుండా మెట్లు దిగగలిగినవాళ్ళు దాని సంగతి ఆలోచించొచ్చు.