ట్రాక్ మీద బైక్‌కు ఏది మేలు: బరువు తగ్గించడమా, ఇంజిన్ శక్తి పెంచడమా?

చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. నెల్లూరు, తిరుపతి ప్రాంతాల నుంచి ట్రాక్ రైడింగ్‌కు వెళ్లేవారికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే. అక్కడికి కేటీఎం ఆర్‌సీ 390 వంటి బైక్‌తో వెళ్లి, ల్యాప్ టైమ్ (ట్రాక్‌ను ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం) తగ్గించుకోవడానికి కొంత సొమ్ము ఖర్చు పెట్టదలచిన వ్యక్తి ముందు రెండు దారులుంటాయి. ఒకటి బైక్ బరువు తగ్గించడం, రెండోది ఇంజిన్ శక్తి పెంచడం. ఇటువంటి ట్రాక్‌కు, ఇటువంటి బైక్‌కు మొదట చేయవలసింది బరువు తగ్గించడమేనని నా గట్టి అభిప్రాయం. అయితే దాని వల్ల ఏ మేలు కలుగుతుందో, ఏది కలగదో స్పష్టంగా తెలుసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

ముందు లెక్క చూద్దాం. 2022లో వచ్చిన ఆర్‌సీ 390 బరువు 172 కిలోలు, శక్తి సుమారు 43 హార్స్‌పవర్. లెదర్ సూట్, హెల్మెట్, బూట్లతో కలిపి రైడర్ ఎనభై కిలోలుంటాడనుకుంటే మొత్తం 252 కిలోలు అవుతుంది. ఇందులో పది కిలోలు తగ్గిస్తే నాలుగు శాతం తగ్గినట్టు. వేగం పుంజుకోవడంలో అంతే లాభాన్ని ఇంజిన్ నుంచి రాబట్టాలంటే దాదాపు 1.8 హార్స్‌పవర్ అదనంగా కావాలి. చూడటానికి రెండూ సమానంగానే కనిపిస్తాయి గాని, పెంచిన శక్తి థ్రాటిల్ పూర్తిగా తిప్పి ఉంచినంతసేపే పనికొస్తుంది. తగ్గించిన బరువు బ్రేక్ వేసేటప్పుడు, బైక్‌ను ఒక పక్క నుంచి మరో పక్కకు వాల్చేటప్పుడు, మలుపు నుంచి బయటపడేటప్పుడు కూడా రైడర్‌కు కలిసివస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతులు రెండున్నాయి. బైక్ తేలికైతే మలుపులో వేగం దానంతట అదే పెరుగుతుందనుకుంటారు. నిజానికి బరువు తగ్గితే మలుపు తిరగడానికి కావలసిన బలంతో పాటు టైరుకు దొరికే పట్టు కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి, స్థిరంగా తిరుగుతున్న మలుపులో పెద్ద తేడా ఉండదు. అలాగే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు వెనుక చక్రం ఎప్పుడు లేస్తుందన్నది గరిమనాభి ఎత్తును, రెండు చక్రాల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది తప్ప మొత్తం బరువును బట్టి కాదు. తేలికైన బైక్ వల్ల కలిగే అసలు మేలు వేరు: డిస్కులు తక్కువ వేడెక్కుతాయి, చేతుల మీద భారం తగ్గుతుంది, ఎడమ నుంచి కుడికి వెంటవెంటనే తిప్పవలసిన చోట బైక్ చురుగ్గా మాట వింటుంది. సెషన్ (ట్రాక్ మీద ఒక విడతగా తిరిగే సమయం) చివరి ల్యాపుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

శక్తికి గాలి పెద్ద అడ్డు. వేగం రెట్టింపైతే గాలిని చీల్చుకుని పోవడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. గంటకు 160 కిలోమీటర్ల దగ్గర ఈ తరగతి బైక్ శక్తిలో సగానికి పైగా గాలికే పోతుంది. శక్తిని పది శాతం పెంచినా గరిష్ఠ వేగం మూడు శాతం దాకానే పెరుగుతుంది. పైగా ఉష్ణోగ్రత 38 డిగ్రీలున్న రోజున గాలి సాంద్రత 15 డిగ్రీల నాటి కన్నా సుమారు ఏడు శాతం తక్కువగా ఉంటుంది కాబట్టి, ఎంతో ఖర్చుతో సంపాదించిన అదనపు శక్తిలో చాలా భాగం చెన్నై ఎండలో కనిపించకుండా పోతుంది.

బరువు ఎక్కడ తగ్గించాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. పైసా ఖర్చు లేని మార్గం పెట్రోలే. ఆర్‌సీ 390 ట్యాంకులో 13.7 లీటర్లు పడుతుంది. పావుగంట, ఇరవై నిమిషాల సెషన్‌కు ఐదు లీటర్లు ధారాళంగా సరిపోతాయి. మిగతా దాన్ని పోయించకుండా వదిలేస్తే ఆరు కిలోలకు పైగా తగ్గుతుంది, అదీ బైక్ పై భాగంలో, వాల్చేటప్పుడు ఎక్కువగా ఇబ్బంది పెట్టే చోట. ఆ తరువాత అద్దాలు, ఇండికేటర్లు, నంబర్ ప్లేట్ బ్రాకెట్, శారీ గార్డ్, వెనుక కూర్చునేవారి ఫుట్‌రెస్టులు, సైడ్ స్టాండ్: ఇవన్నీ ఒక స్పానర్ సెట్‌తో ఊడదీసి సాయంత్రానికి మళ్లీ బిగించుకోగలిగినవి. లెడ్ యాసిడ్ బ్యాటరీ స్థానంలో లిథియం బ్యాటరీ పెడితే ఇంకో కిలోన్నర, రెండు కిలోలు కలిసివస్తాయి. డబ్బు పెట్టదలిస్తే చక్రాల మీద పెట్టాలి. రిమ్ అంచున తగ్గిన ఒక కిలో, వేగం పుంజుకునేటప్పుడు దాదాపు రెండు కిలోలతో సమానం. సస్పెన్షన్ పనితీరు, బైక్ తిప్పడంలో తేలిక దీనికి అదనం. అయితే బ్రేక్ డిస్కులు, యాక్సిల్ బోల్టులు, ఫ్రేమ్ వంటి భారం మోసే భాగాలను సన్నబరచడం, వాటికి రంధ్రాలు వేయడం ప్రాణాలతో చెలగాటం. అది ఎవరు చెప్పినా చేయకూడదు.

పూర్తి ఎగ్జాస్ట్ సిస్టమ్ ఈ రెండు దారులూ కలిసే చోటు. బరువైన సైలెన్సర్, పొగలోని కాలుష్యాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయి కొన్ని కిలోలు తగ్గుతాయి, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ తోడైతే కాస్త శక్తీ పెరుగుతుంది. అంతకు మించి పిస్టన్, క్యామ్‌షాఫ్ట్ మార్చి సింగిల్ సిలిండర్ ఇంజిన్‌ను పిండటం మొదలుపెడితే వేడి, ఆయిల్ మార్పులు, ఇంజిన్ విప్పి చూసుకునే ఖర్చు వరుసగా వచ్చిపడతాయి. దానికన్నా వెనుక స్ప్రాకెట్‌కు (చైన్ తిరిగే పళ్ల చక్రానికి) ఒకటి రెండు పళ్లు పెంచడం వల్ల మలుపు నుంచి బయటపడేటప్పుడు వచ్చే ఊపే ఎక్కువ.

పోటీల చరిత్ర రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. 1983 500 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఫ్రెడ్డీ స్పెన్సర్ మూడు సిలిండర్ల తేలికైన హోండా ఎన్‌ఎస్500 మీద, కెన్నీ రాబర్ట్స్ నాలుగు సిలిండర్ల శక్తిమంతమైన యమహా మీద పోటీపడ్డారు. పన్నెండు రేసుల్లో చెరి ఆరు గెలిచారు. స్పెన్సర్ రెండు పాయింట్ల తేడాతో ఛాంపియన్ అయ్యాడు. అయినా మరుసటి ఏడాదే హోండా కూడా నాలుగు సిలిండర్ల బైక్‌ను దించింది. 2002లో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్ మోటోజీపీ రేసులో జెరెమీ మెక్‌విలియమ్స్ మూడు సిలిండర్ల తేలికైన టూ స్ట్రోక్ ప్రోటాన్ బైక్‌తో, 990 సీసీ ఫోర్ స్ట్రోక్ బైకులున్నా పోల్ పొజిషన్ (అర్హత ల్యాపుల్లో అందరికన్నా వేగంగా తిరిగి మొదటి స్థానం) సాధించాడు. రేసు మాత్రం హోండా మీద వాలెంటినో రోసీ గెలిచాడు. ఒంటరిగా తిరిగే ల్యాప్‌లో తేలికైన బైక్ తనకు నచ్చిన గీత మీద వేగంగా పోగలదు. గుంపులో ముందున్న శక్తిమంతమైన బైక్ మలుపులో దారి మూసేసి స్ట్రెయిట్‌లో (మలుపుల్లేని తిన్నని భాగంలో) దూసుకుపోతుంది. ట్రాక్ డేలో (రేసు కాకుండా, ట్రాక్ మీద సొంతంగా తిరిగే రోజున) మనం పోటీపడేది గడియారంతో కాబట్టి మొదటి పరిస్థితే మనకు వర్తిస్తుంది.

నోయిడా దగ్గరి బుద్ధ సర్క్యూట్‌లో కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ ఉంది కనుక అక్కడ ఈ తీర్పు మారవచ్చు. ఆ ట్రాక్ మీదే ఎక్కువగా తిరిగేవారు శక్తి గురించి ఆలోచించడం సబబే. కోయంబత్తూరులోని 2.1 కిలోమీటర్ల కారీ స్పీడ్‌వేలో మాత్రం ఆ ప్రశ్నే రాదు.

బరువు తగ్గించిన ప్రతిసారీ సస్పెన్షన్ సాగ్ (బరువుకు స్ప్రింగ్ కుంగే కొలత) కొలిచి ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగింపు) సరిచేసుకోవాలి. లేకపోతే వెనుక భాగం పైకి లేచి బైక్ కంగారు పడుతుంది. ఊడదీసిన అద్దాలు, లైట్లు, నంబర్ ప్లేట్ ఒక డబ్బాలో భద్రపరచి, రోడ్డెక్కే ముందు తిరిగి బిగించాలి. ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసిన బైక్‌కు ఆ వెసులుబాటు ఉండదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అటువంటి మార్పులను కట్టడి చేస్తుంది కాబట్టి, దాన్ని ట్రాక్‌కు వాహనంలో ఎక్కించుకుని తీసుకెళ్లవలసిందే.