గుంటూరులో ఒక క్లినికల్ ట్రయల్స్ విభాగం: చేర్చుకునేటప్పుడు ఉన్న శ్రద్ధ ముగిశాక లేదు

గుంటూరు నగరంలోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి అనుబంధంగా నడుస్తున్న క్లినికల్ ట్రయల్స్ విభాగం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మధుమేహానికి పరీక్షిస్తున్న ఒక కొత్త మాత్ర మూడో దశ ట్రయల్‌లో తెనాలిలో ఉండే మా అమ్మ అక్కడ పాల్గొన్నది. నేను ఇచ్చిన ఫిర్యాదు ఒకటి ఇంకా వారి ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో పాల్గొనేవారి హక్కులు, క్షేమం చూసే కమిటీ) పరిశీలనలో ఉన్నందున ఆసుపత్రి పేరు రాయడం లేదు. చేర్చుకునే ముందు విషయం విడమరచి చెప్పడంలో ఈ విభాగం చూపిన శ్రద్ధ నేను మరే ఆసుపత్రిలోనూ చూడలేదు. ట్రయల్ ముగిశాక మాత్రం అందులో సగమైనా మిగలలేదు.

ఈ సంగతి ఇంట్లో చెప్పగానే మా మేనమామ "ఏరా, అక్కను ప్రయోగాలకు అప్పజెబుతావా?" అని గట్టిగా అడ్డు చెప్పాడు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోలేదు, ఎందుకంటే మన ప్రాంతంలో దానికి కారణాలున్నాయి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టును మరుసటి ఏడాది ఆపివేశారు. టీకా వేయించుకున్న కొందరు బాలికల మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలకపోయినా, చాలామంది ఆడపిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారన్న సంగతి బయటపడింది. 2011లో మన పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాదులో మందుల పరీక్షలకు తీసుకువెళ్లారన్న వార్తలు వచ్చాయి. సంతకం పెట్టిన మనిషికి తాను దేనికి ఒప్పుకుంటున్నదో తెలియకపోవడమే ఈ రెండు సందర్భాల్లోనూ అసలు తప్పు. అందుకే నేను ఆ విభాగాన్ని మొదట కొలిచింది భవనంతోనో యంత్రాలతోనో కాదు, సమ్మతి పత్రం దగ్గర వారు ఎంతసేపు కూర్చున్నారన్న దానితో.

ఆ విషయంలో వారికి పూర్తి మార్కులు ఇస్తాను. సమాచార పత్రం, సమ్మతి పత్రం రెండూ తెలుగులోనే ఇచ్చారు. ఆ రోజే సంతకం అడగకుండా, ఇంటికి తీసుకువెళ్లి చదువుకుని, అడగదలచినవి రాసుకుని రమ్మన్నారు. తరువాత వెళ్లినప్పుడు డాక్టరుగారు మా అమ్మకు ఎదురుగా కూర్చుని, "అమ్మా, ఈ మాత్రలో మందు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఏది ఎవరికి వచ్చిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు" అని మొదలుపెట్టి, మందు లేని మాత్రను కూడా ఎందుకు ఇస్తారో, పాత మందులు ఎందుకు ఆపరో ఓపికగా చెప్పారు. చెప్పడం పూర్తయ్యాక మా అమ్మ చేత అదంతా తిరిగి చెప్పించుకున్నారు. ఆమెకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడ మళ్లీ చెప్పారు. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చని, మానుకున్నా ఆసుపత్రిలో మామూలు వైద్యానికి ఏ లోటూ రాదని ఆయన రెండు మూడు సార్లు అన్నారు.

ఆ పత్రంలో వార్షికాదాయం, నామినీ పేరు రాయమన్న గళ్లు చూసి మా అమ్మ బెదిరిపోయింది. నామినీ అంటే బీమా కాగితాలే గుర్తుకు వస్తాయి కదా. కోఆర్డినేటరుగా ఉన్న అమ్మాయి ఆ భయాన్ని దాటవేయలేదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయని, ఆ పరిహారం ఎవరికి చేరాలో తెలియడం కోసమే ఆ గడి ఉందని నేరుగా చెప్పింది. సంతకం అయ్యాక పత్రం ప్రతి ఒకటి మా చేతికి ఇచ్చారు. దాని మీద ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. మన దేశంలో ట్రయల్స్‌ను సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయాలన్న నియమం 2009 నుంచి ఉంది. అందులో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. నేను ఆ నంబరుతో వెతికి, ట్రయల్ వివరాలు మాకు చెప్పిన దానితో సరిపోతున్నాయని చూసుకున్న తరువాతే మా మేనమామ మెత్తబడ్డాడు.

చేర్చుకోవడానికి ముందు చేసే పరీక్షల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా అమ్మతో పాటు మా పిన్ని కూడా పేరు ఇచ్చింది. కంటి వెనుక పొర ఫోటోలో మధుమేహం వల్ల వచ్చిన మార్పులు కనిపించాయని, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా పోతున్నదని చెప్పి ఆమెను ట్రయల్‌లోకి తీసుకోలేదు. కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరగకముందే కిడ్నీకి మొదలైన నష్టాన్ని ఈ అల్బుమిన్ పరీక్ష పట్టి చూపుతుంది. ఆ దశలో షుగరు, రక్తపోటు అదుపులో పెట్టి తగిన మందులు వాడితే నష్టం వేగాన్ని తగ్గించవచ్చు. ఏళ్ల తరబడి మందులు వాడుతున్నా మా పిన్నికి అంతకుముందు ఎవరూ ఆ పరీక్ష రాయలేదు. ట్రయల్‌కు పనికిరాదని తేలిన మనిషిని మరిచిపోవడం తేలిక. వారు మాత్రం రిపోర్టులన్నీ ఆమెకు ఇచ్చి, కంటి డాక్టరుకూ కిడ్నీ డాక్టరుకూ ఉత్తరాలు రాసి పంపారు. మధుమేహం ఉన్నవారు ఏ ట్రయల్‌తోనూ నిమిత్తం లేకుండా ఏటా ఈ రెండు పరీక్షలూ చేయించుకోవాలని ఇక్కడ మనవి చేస్తున్నాను.

మామూలు విజిట్లు క్రమంగానే జరిగాయి. పరగడుపున వచ్చిన వారికి ముందు రక్తం తీసి, ఆ వెంటనే టిఫిను పెట్టేవారు. దారి ఖర్చులు మాత్రం ప్రతిసారీ ఆలస్యంగా చేతికందేవి. తెనాలి నుంచి బస్సులో వచ్చే మాకు అది పెద్ద భారం కాకపోయినా, కూలి మానుకుని వచ్చేవారికి భారమే.

ఒక లోపం మాత్రం తీవ్రమైనది. ఒక రాత్రి మా అమ్మకు చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. ఇంట్లో మీటరుతో చూస్తే షుగరు బాగా పడిపోయి ఉంది. చక్కెర నీళ్లు తాగించి, ఏ వేళనైనా పలుకుతుందని కార్డు మీద అచ్చువేసిన నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. తెలిసిన డాక్టరుగారు దగ్గర్లోనే ఉన్నందున గండం గడిచింది. మరునాడు విభాగం వారు వెంటనే పిలిపించి, ఆమె అప్పటికే వాడుతున్న మాత్ర మోతాదు తగ్గించి, జరిగినదంతా రికార్డు చేశారు. అయినా ఏ మందు మింగుతున్నదో తెలియని మనిషికి రాత్రి పలికే ఫోను అదనపు సౌకర్యం కాదు, ట్రయల్‌లో భాగం. నా ఫిర్యాదులో మొదటి అంశం ఇదే.

రెండోది ఫలితాల సంగతి. చివరి విజిట్ అయ్యాక ఒక ధన్యవాద పత్రం ఇచ్చి పంపించారు. మా అమ్మకు వచ్చింది మందా, మందు లేని మాత్రా, ఆ మందు చివరకు పనిచేసిందా లేదా అన్న ప్రశ్నలకు "కంపెనీ చెబితే చెబుతాం" అన్న జవాబే వచ్చింది. అన్ని కేంద్రాల లెక్కలూ పూర్తయ్యేవరకు ఆ రహస్యం విప్పకూడదన్న సంగతి నాకు తెలుసు. ఎప్పుడు, ఎవరు, ఎలా తెలియజేస్తారో చెప్పడానికి ఆ నియమం అడ్డు కాదు. పరిశోధనలో పాల్గొన్నవారు కోరుకుంటే ఫలితాలు తెలుసుకునే అవకాశం ఉండాలని మనుషుల మీద చేసే వైద్య పరిశోధనలకు నీతి సూత్రాలు చెప్పే ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన చెబుతున్నది. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో మొదలుపెట్టిన అధ్యయనాన్ని చూడండి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితో రొమ్ములను పరీక్షిస్తే క్యాన్సర్ ముందుగా దొరికి ప్రాణాలు నిలుస్తాయా అని లక్షన్నరకు పైగా మహిళల మీద ఇరవై ఏళ్లు పరిశీలించి, యాభై ఏళ్లు, ఆపైబడినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రచురించారు. అంతమంది ఆడవాళ్ల ఓపిక అలా అందరికీ పనికివచ్చే విషయమైంది. మా అమ్మ కూడా తన ఓపిక దేనికి పనికివచ్చిందో తెలుసుకోవాలనుకుంటున్నది. ఆ కోరిక న్యాయమైనది.

ఇక్కడ చేరదలచినవారికి నేను వద్దని చెప్పను. సంతకానికి ముందే మూడు విషయాలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి: రాత్రివేళ ఫోను ఎత్తే మనిషి పేరు, మందు బాగా పనిచేస్తే ట్రయల్ ముగిశాక దొరుకుతుందా లేదా, ఫలితాలు మీకు ఎలా తెలియజేస్తారు. ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శి ఫోను నంబరు సమాచార పత్రంలోనే ఉంటుంది. నేను రాసిన ఉత్తరానికి ఆ కమిటీ నుంచి మర్యాదగానే జవాబు వచ్చింది: ఫోను సంగతి విభాగాన్ని సంజాయిషీ అడిగామని, ఫలితాల సంగతి కంపెనీకి రాశామని తెలిపారు. కంపెనీ నుంచి సమాధానం రాగానే దానిని ఈ సమీక్షకు చేరుస్తాను.