"టేకు డోర్, వాటర్‌ప్రూఫ్" అన్న మాట నమ్మి బాత్రూం తలుపులు కొనకండి

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఇల్లు కడుతున్నవాళ్లు తలుపులు కొనేముందు ఇది చదవండి. పోయిన ఎండాకాలం గృహప్రవేశం తొందరలో ఇక్కడే ఒక షాపులో రెండు బాత్రూం తలుపులు తెచ్చాం. టేకు డోర్ అన్నాడు, వాటర్‌ప్రూఫ్ అన్నాడు, పైన టేకు గీతలు నిగనిగలాడుతున్నాయి, ఇంక అడిగేదేముందని డబ్బులు కట్టేశాం. వానాకాలం దాటకముందే ఒక తలుపు కింద ఉబ్బి బిగుసుకుపోయింది. అమ్మ స్నానానికి వెళ్లి లోపలే ఇరుక్కుంటే నేను బయటినుంచి భుజంతో నెట్టి తీయాల్సి వచ్చింది, ఆమెకు డెబ్బై దాటాయి, ఆ టెన్షన్ ఎవరికీ రావద్దు.

వడ్లాయన వచ్చి కింది అంచు కోసి చూపించాడు. టేకు అన్నది పైన అతికించిన పొర మాత్రమే, మిల్లీమీటరు మందం కూడా లేదు. లోపలంతా మెత్తటి చెక్క, నాని నల్లబడి గోరుతో గీకితే రాలుతోంది. అంచు మీద ఎంఆర్ అని ముద్ర కూడా ఉంది, కొన్నరోజు మేం చూడనేలేదు. ఎంఆర్ అంటే గాలిలో చెమ్మకు మాత్రమే ఓర్చుకునేది, రోజూ నీళ్లు పడే చోటికి పనికిరాదు. బాత్రూంలో ప్లైవుడ్ పెట్టాలంటే ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 710 (నీళ్లకు ఓర్చుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) అని ఉండాలి, దాని జిగురును 72 గంటలు నీళ్లలో మరిగించి పరీక్షిస్తారు. అలాంటిదైనా కోసిన అంచుకు పెయింట్ వేయకుండా వదిలేస్తే అక్కడినుంచే నీళ్లు తాగుతుంది.

అసలు టేకు కర్రే తీసుకుంటే చేవ, అంటే మధ్యలో ఉండే ముదురు చెక్క, చూడండి. బయటివైపు ఉండే తెల్ల చెక్కకు చెదలు, పుచ్చు త్వరగా పడతాయి, రంగు పూస్తే తేడా కనబడదు, అందుకే ఒక మూల చిత్రిక పట్టించి చూడండి.

షాపుకు వెళ్తే బిల్లు మీద "డోర్లు 2" అని తప్ప ఏమీ లేదు. నీళ్లు తగిలితే మా బాధ్యత కాదన్నాడు. బాత్రూం తలుపుకు నీళ్లు తగలకుండా ఎట్లా ఉంటాయి? గ్రేడు, కంపెనీ పేరు, వారంటీ బిల్లులో రాయించుకోండి, రాయనంటే ఆ షాపు వదిలేయండి. మేం 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫిర్యాదు చేశాం, కానీ చేతిలో సరైన బిల్లు లేకపోవడం పెద్ద ఇబ్బందిగా ఉంది.

అమ్మ బాత్రూంకు ఇప్పుడు గ్రానైట్ దర్వాజ, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే) తలుపు పెట్టించాం. అప్పుడు కొన్న తలుపుల్లో రెండోది ఇంకా ఉబ్బలేదు, కింది అంచుకు ప్రైమర్ కొట్టి అల్యూమినియం రేకు వేయించి రోజూ చూసుకుంటున్నాం.