ఫుట్‌బాల్ రాత్రికి బజ్జీలా, పులిబొంగరాలా?

మ్యాచ్ చూడటానికి ఇంటికి పదిమంది వస్తున్నారు, తినడానికి ఏం చేయాలని నెల్లూరులో బంధువులు, ఒంగోలులో స్నేహితులు తెగ అడుగుతున్నారు. ఎవరితో మాట్లాడినా పోటీ చివరికి రెండింటి మధ్యే తేలుతోంది. మిరపకాయ బజ్జీలా, పులిసిన దోసె పిండితో చేసే పులిబొంగరాలా?

క్రికెట్ అయితే ఇంత ఆలోచించే పనిలేదు. ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య వంటింట్లోకి వెళ్లి రావచ్చు. ఫుట్‌బాల్‌లో 45 నిమిషాల ఆట, 15 నిమిషాల విరామం, మళ్లీ 45. 2026 ప్రపంచకప్‌లో ఒక్కో సగంలో మంచినీళ్లకని మూడు నిమిషాలు ఆపుతారు గానీ, ఆ కాస్తలో బజ్జీలు ఒక్క వాయి కూడా సరిగా వేగవు. 2022 ఫైనల్‌లో ఎంబాపె 80వ నిమిషంలో ఒక గోల్, 81వ నిమిషంలో మరో గోల్ కొట్టాడు. అప్పుడు పొయ్యి దగ్గర ఉన్న మనిషికి రెండూ పోయినట్టే. అందుకే రుచి కంటే ముందు నేను చూసేది ఒక్కటే. వండినవాళ్లు కూడా అందరితోపాటు కూర్చుని మ్యాచ్ చూడాలి. మన ఇళ్లలో వండేది ఎక్కువగా అమ్మో, వదినో. వాళ్లను వంటింటికి వదిలేసి మనం హాల్లో కేకలు పెట్టడం ఏం న్యాయం?

బజ్జీ తేలిపోయేది ఇక్కడే. వాము, చింతపండు కూరి వేయించిన మిరపకాయను చీల్చి, ఉల్లిపాయ ముక్కలు పెట్టి నిమ్మకాయ పిండితే దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. అయితే మిరపకాయలోని తడి ఆవిరై శనగపిండి పొరను కాసేపట్లోనే మెత్తబరుస్తుంది. మూత పెడితే మరీ మెత్తబడుతుంది. కరకరలాడాలంటే ఎప్పటికప్పుడు వేయాలి, అంటే ఒకరు కడాయి ముందు నిలబడే ఉండాలి. పైగా ఈసారి పోటీలు అమెరికా, కెనడా, మెక్సికోల్లో కాబట్టి చాలా మ్యాచ్‌లు మనకు అర్ధరాత్రి దాటాకో, తెల్లవారుజామునో వస్తాయి. ఫైనల్ జులై 19 రాత్రి, అంటే తేదీ మారి 20 వచ్చాక 12.30కి. బజ్జీల బండివాళ్లు అప్పటికి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు.

పులిబొంగరాలను కొందరు నూనెలో వేస్తారు. నేను చెప్పేది గుంతల పెనంలో పోసేవాటి గురించి. మన ఉక్కకు పొద్దున రుబ్బిన పిండి రాత్రికి చక్కగా పులుస్తుంది. అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు సన్నగా తరిగి కలపండి. ఇక అసలు కిటుకు. ఒక్కో గుంతలో సగం వరకే పిండి పోసి, కారం దోసెకు రాసే ఎర్రకారం చిటికెడు మధ్యలో పెట్టి, పైన మళ్లీ పిండి పోయాలి. అంచులు ఎర్రబడ్డాక పుల్లతో తిప్పితే కారం లోపలే ఉండిపోతుంది. పచ్చడి గిన్నె అక్కర్లేదు, దుప్పటి మీద మరకలు పడవు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే ఒక చేత్తో తినొచ్చు. చల్లారినా బాగుంటాయి కాబట్టి మ్యాచ్‌కు ముందే చేసి హాట్‌ప్యాక్‌లో పెట్టుకోవచ్చు. వేడివేడిగానే కావాలంటే రెండు పెనాలు పెట్టండి, విరామంలో రెండు వాయిలు సులువుగా వస్తాయి.

రొయ్యల వేపుడు నాకు ప్రాణం. మన తీరంలో రొయ్యలకు కొదవా లేదు. కానీ చల్లారితే నీచు తెలుస్తుంది, మళ్లీ వేడి చేస్తే రబ్బరులా సాగుతుంది. వచ్చినవాళ్లకు ఆట మొదలయ్యే ముందే పెట్టేయండి. బొరుగుల మసాలా రెండో సగానికి మంచిదే, ఉల్లిపాయ, టమాటా మాత్రం తినబోయే ముందే కలపాలి. చిప్స్ పొట్లాలు ఎలాగూ ఎవరో ఒకరు తెస్తారు. మలై కాజా గెలిచాక తినండి, పాకం చేతులతో రిమోట్ పట్టుకోవద్దు.

సాయంత్రం మ్యాచ్ అయి, వంతులవారీగా కడాయి దగ్గర నిలబడటానికి మగవాళ్లు సిద్ధమైతే బజ్జీలే వేసుకోండి, నేనూ వస్తాను. అర్ధరాత్రి ఆటకు మాత్రం బొంగరాలే. ఎర్రకారం పొద్దున్నే నూరి పెట్టుకోకండి. అందులో ఉల్లిపాయ పచ్చిది కాబట్టి రాత్రికి చేదెక్కుతుంది, పెనం పొయ్యి మీద పెట్టేటప్పుడు నూరితే చాలు.